బీపీ తగ్గిందని సాక్ష్యం చెప్పాను

రోజుకో పేజీ రాయమంది ఫిజియోథెరపీ అమ్మాయి. ఏం రాయమంటావు అని అడిగితే, మీ ఇష్టం టీచర్, వేళ్ళు కదలాలి అంతే అంది. ఇరవై రెండేళ్ళు పిల్లల చేత చూచిరాత రాయించినదాన్ని. నలభై తొమ్మిదో ఏట ఆ చూచిరాత నా మెడకే చుట్టుకుంది. మొదటి వారమంతా అచ్చులే రాశాను. 'ఋ' దగ్గరికొచ్చేసరికి ఏడుపొచ్చేది. ఇప్పుడు వాక్యాలు వస్తున్నాయి, వంకరగానైనా. అందుకని జరిగింది రాస్తున్నాను. కొంత నా వేళ్ళ కోసం, కొంత నా మనసు కుదుటపడడం కోసం. మిగిలినదంతా, ఈమధ్య బాగానే ఉంది కదా అని బీపీ మాత్ర పక్కన పెట్టినవాళ్ళ కోసం.

జూన్

మేం మేడ్చల్లో ఉంటాం. ఇంట్లో ముగ్గురమే. నేను, మా ఆయన సామ్యేలు, మా అత్తమ్మ శాంతమ్మ. ఆయన బస్సు డిపోలో మెకానిక్. నేను బౌరంపేట్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు చెబుతాను. పొద్దున్నే స్కూలు బస్సెక్కి గండిమైసమ్మ మీదుగా పోతాను. బడులు తెరిచిన రెండో వారంలో టీచర్లందరికీ పరీక్షలు చేయడానికి ఒక నర్సు వచ్చింది. నా చేతికి పట్టీ చుట్టి, గాలి కొట్టి, ముఖం అదోలా పెట్టింది. నూట డెబ్భై మీద నూట పది.

"టెన్త్ బి సెక్షన్ నుంచి ఇప్పుడే వచ్చానమ్మా. ఆ పిల్లల్ని చూసి వస్తే నీకైనా అంతే ఉంటుంది. కాసేపాగి చూడు" అన్నాను.

ఆమె ఓపిగ్గా పావుగంట ఆగి చూసింది. రెండే రెండు తగ్గింది.

మరో రెండు రోజులు వేర్వేరుగా చూసినా అంతే. సర్కారు దవాఖానాలో డాక్టరమ్మ తలనొప్పి ఉందా, కళ్ళు తిరుగుతాయా అని అడిగింది. ఏమీ లేవన్నాను, నెగ్గినట్టుగా. "ఏమీ లేకపోవడమే దీని గుణం మేడం. నొప్పి ఉంటే మీరే పరిగెత్తుకొచ్చేవారు" అని రోజుకో మాత్ర రాసింది. ఉప్పు తగ్గించమంది, నడవమంది, వారానికి రెండుసార్లైనా ఇంట్లో కొలుచుకుని ఎక్కడైనా రాసిపెట్టుకోమంది.

ఇంటికొచ్చి దిగులుగా కూర్చుంటే అత్తమ్మ మాత్రం సంబరపడింది. ఆమెకు పన్నెండేళ్ళుగా బీపీ ఉంది. పొద్దున ఏడింటికి ఒక్కతే ప్రార్థన చేసుకుని ఒక్కతే మాత్ర మింగేది.

"రంది పెట్టుకోకు బిడ్డా. ఇగ ఇద్దరం జోడి అయితిమి" అంది.

సామ్యేలు బీపీ మిషను కొనుక్కొస్తే దాని పెత్తనమంతా ఆమే తీసుకుంది. కొలిచే ముందు నన్ను కుర్చీలో వీపు ఆనించి కూర్చోబెట్టేది. రెండు పాదాలు నేలకు ఆనాలి. చేయి దిండు మీద, గుండె ఎత్తున ఉండాలి. చాయ్ తాగి అరగంట కావాలి. అయిదు నిమిషాలు నోరు మెదపకూడదు. చివరిదే నా వల్ల అయ్యేది కాదు. పట్టీ బిగుసుకుంటుంటే ఆ రోజు స్కూల్లో ఎవరు ఎవర్ని ఏమన్నారో గుర్తొచ్చేది, చెప్పకుండా ఉండలేకపోయేదాన్ని.

"సప్పుడు జెయ్యకు సునీతా. నువ్వు మాట్లాడితే మిషన్‌కు గూడ కోపమొస్తాంది" అని మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టేది.

అత్తమ్మ బడికి పోలేదు. కానీ బస్సుల నంబర్లు చూసి చూసి అంకెలు నేర్చుకుంది. చర్చివాళ్ళిచ్చిన క్యాలెండర్లో తేదీ పక్కన నా అంకెలు, కింద తన అంకెలు పెన్సిలుతో దిద్దేది. ఇంట్లో అందరికీ ఉప్పు తక్కువ కూరలే. ఎండుచేపలు కూడా మానేశాం. సామ్యేలు మాత్రం డిపో క్యాంటీన్లో తిని వచ్చి, మా ముందు పథ్యం చేస్తున్నట్టు ముఖం పెట్టేవాడు. ఆ అయిదారు నెలలు, రోగం వచ్చిందనే గానీ, మేం సంతోషంగానే ఉన్నాం.

డిసెంబరు

క్యాలెండర్లో అంకెలు చల్లబడ్డాయి. నూట ఇరవై నాలుగు, ఎనభై. నూట ఇరవై రెండు, డెబ్భై ఎనిమిది. ఒకరోజు మాత్ర మరిచిపోయాను, మర్నాడు చూస్తే పెద్ద తేడా లేదు. ఇక మాత్ర చేస్తున్న పనేమిటి అనిపించింది. అర్థం చేసుకోవాల్సింది తలకిందులుగా అర్థం చేసుకున్నాను. అంకెలు బాగున్నది మాత్ర వల్లనే అని తట్టలేదు. ఒకటో తేదీ నుంచి ఆపేశాను. అత్తమ్మ ముందు మింగినట్టు నటించలేదు. "తగ్గింది గదత్తమ్మా, కొద్ది రోజులు చూస్తా" అన్నాను. ఆమె నసిగింది గానీ, చదువుకున్నదాన్ని కదా అని ఊరుకుంది.

మా సంఘం శామీర్‌పేటలో ఉంది. పెళ్ళయిన దగ్గర నుంచి ఆ చర్చికే పోతున్నాం. డిసెంబరు రెండో ఆదివారం కృతజ్ఞత కూడిక. ఆ ఏడు దేవుడు చేసిన మేళ్ళను ఒక్కొక్కరూ లేచి చెబుతారు, దాన్నే సాక్ష్యం అంటాం. సామ్యేలుకు ఆ నెల నుంచి ప్రతి ఆదివారం డ్యూటీ పడింది, అత్తమ్మ, నేనే వెళ్ళాం. రత్నమ్మ అని పెద్దావిడ ఉంది, చర్చి వెనుక వీధిలో ఉంటుంది. ఆమె లేచి మనవడికి ఉద్యోగం వచ్చిందని రెండు ముక్కల్లో చెప్పి కూర్చుంది. తర్వాత మైకు నా చేతికొచ్చింది.

బీపీ అదుపులో ఉంది, దేవునికి వందనాలు అని చెప్పి కూర్చుందామనే లేచాను. కానీ తెలుగు టీచరు చేతికి మైకిస్తే వాక్యం అంత తొందరగా పూర్తవుతుందా. "ప్రభువు నన్ను ముట్టాడు" అన్నాను. జనం ముందుకు వంగారు. "ఇప్పుడు నా ఒంట్లో బీపీ అనేది లేదు" అన్నాను. "మాత్ర మానేసి నెలయింది. ఇక ముట్టను" అన్నాను. స్తోత్రం అంటూ చర్చి మారుమోగింది. నా ఒళ్ళు పులకరించింది. ఆ పులకరింపు దేవుడిదే అనుకున్నాను. ఇప్పుడాలోచిస్తే అందులో చాలా భాగం మైకుది.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో అత్తమ్మ మెల్లగా అంది. "పది దినాలైతే, నెల అంటివేంది బిడ్డా?"

తప్పు చేసి పట్టుబడ్డ మనిషికి వచ్చే కోపం నాకు వచ్చింది. "నీకు పన్నెండేళ్ళ నుంచి మాత్రల మీదే నమ్మకం. దేవుడి మీద ఎప్పుడు పెట్టావు అత్తమ్మా?" అన్నాను.

ఆమె ముఖం తిప్పుకుంది. ఇల్లు వచ్చేదాకా బయటికే చూస్తూ కూర్చుంది. ఆమె నన్ను కోడలిగా కాదు, కూతురిగా చూసింది. నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు పదహారు రోజులు నా మంచం పక్కన నేల మీద పడుకుంది. అలాంటి మనిషిని ఆ మాట అన్నాను.

మర్నాటి నుంచి ఏడింటికి ఇద్దరం కలిసి కూర్చోవడం ఆగిపోయింది. నన్ను నొప్పించకుండా తన మాత్ర తను లోపలెక్కడో వేసుకుంటోందనుకున్నాను. మిషన్ బీరువా మీదికెక్కింది. జనవరిలో ఒకసారి ఆమే అడిగింది, ఒక్కపారి సూస్కోరాదు అని. నమ్మినవాళ్ళు కొలుచుకుంటారా అన్నాను. మళ్ళీ అడగలేదు.

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. ప్రతి ఆదివారం ఎవరో ఒకరు పలకరించేవారు. టీచరమ్మా, బీపీ ఎట్లున్నది? దేవుని కృప అనేదాన్ని. అప్పటికే మెడ వెనుక ఏదో బరువుగా ఉండేది. దిండు ఎత్తయిందని దిండు మార్చాను. ఒక సాయంత్రం భయమేసి పాత మాత్రల పట్టీ తీశాను. అంతలో అత్తమ్మ వంటింట్లోకి వచ్చింది. గబుక్కున దాన్ని బియ్యం డబ్బాలో దాచాను. సొంత ఇంట్లో, సొంత మందు దగ్గర, దొంగలా నిలబడ్డాను. మాత్ర వేసుకుంటే నేను చెప్పింది అబద్ధమవుతుంది. నా ప్రాణం కన్నా నా సాక్ష్యమే నాకు పెద్దదైపోయింది.

ఫిబ్రవరి

సోమవారం, మూడో పీరియడ్. ఎనిమిదో తరగతిలో బోర్డు మీద పద్యం రాస్తున్నాను. నా అక్షరాలు ముత్యాల్లా ఉంటాయని స్కూలంతా చెప్పుకుంటారు, నేనూ కాదనను. రెండో పాదం కిందికి జారిపోతోంది. సరిచేద్దామని చెయ్యెత్తాను. చాక్‌పీసు పడిపోయింది. వంగి తీసుకున్నాను, మళ్ళీ పడింది. పిల్లలు నవ్వారు. నవ్వకండి అన్నాననుకున్నాను. నా నోట్లోంచి వచ్చిన చప్పుడు విని వాళ్ళ నవ్వు ఆగిపోయింది.

పక్క క్లాసులోంచి లెక్కల టీచరు సరళ మేడం వచ్చింది. నా ముఖం చూసి, "సునీతా, ఒకసారి నవ్వు" అంది. నవ్వాను. "రెండు చేతులు లేపు" అంది. ఎడమదొక్కటే లేచింది. మరో మాట లేకుండా ప్రిన్సిపాల్ కారు తాళాలు అడిగి తెచ్చింది. దారంతా ఒక చేత్తో స్టీరింగ్, ఇంకో చేత్తో నా చేయి పట్టుకుంది. పట్టుకుందని కంటితో చూశాను గానీ, ఆ చేతికి తెలియలేదు. అప్పటికి నేను ఆ మేడంతో మూడు నెలలుగా మాట్లాడటం లేదు, ఏదో టైంటేబుల్ గొడవ. ఆమె గుర్తున్నట్టే కనిపించలేదు.

హైవే పక్కన పెద్దాసుపత్రి. స్కానింగ్ గది బయట చల్లని స్ట్రెచరు మీద ఉన్నాను. పైన లైట్లు లెక్కబెడుతూ, ఇక మాట రాకపోతే ఎలా అనుకున్నాను. చావు భయం కాదు. నోరు తప్ప ఇంకే ఆస్తీ లేనిదాన్ని, అది కూడా పోతే ఎవరు నేను అని.

సామ్యేలు డిపో బట్టల్లోనే పరుగెత్తుకొచ్చాడు, గ్రీజు చేతులతో. వెనుక అత్తమ్మ. డాక్టరు మెదడులో చిన్న రక్తనాళం మూసుకుపోయిందని, తొందరగా తెచ్చారు కాబట్టి ఆశ ఉందని చెప్పాడు. తర్వాత అడిగాడు. "బీపీ మాత్రలు సక్రమంగా వాడుతున్నారా?"

"వాడుతది సార్. పొద్దున ఏడు కొట్టంగనే మా అమ్మ, తను కలిసి ఏసుకుంటరు. ఒక్క దినం తప్పది" అన్నాడు సామ్యేలు. ఎంత గర్వంగా అన్నాడో. అతను డ్యూటీకి ఆరింటికే పోతాడు. చర్చిలో నేను చెప్పింది అతనికి తెలియదు, చెప్పే ధైర్యం అత్తమ్మకూ నాకూ లేకపోయింది.

అత్తమ్మ తల వంచుకుంది. నాకు మాట రాదు. ఎడమచేతితో డాక్టరు కోటు పట్టుకుని తల అడ్డంగా ఊపాను. మళ్ళీ ఊపాను. లేదు, వాడలేదు. సామ్యేలు నా వైపు, వాళ్ళమ్మ వైపు చూశాడు. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. గోడకు ఆనుకుని నిలబడి, గ్రీజు చేతులతోనే ముఖం తుడుచుకున్నాడు.

మర్నాడు పొద్దున వార్డు బయట కుర్చీల్లో ఇంకోటి జరిగింది. సామ్యేలు తర్వాత చెప్పాడు. అత్తమ్మ లేవబోయి, తూలి కూలబడింది. అటు పోతున్న నర్సు ఆగి, "అవ్వా, ఉండు, నీది సూస్త" అని పట్టీ చుట్టింది. రెండు వందల పది, నూట పది.

"మాత్ర ఏసుకున్నవా అవ్వా?"

"లేదు బిడ్డా."

"ఎన్ని దినాలాయె?"

"క్రిస్మస్‌కు ముంగట్నుంచి."

ఎందుకే అని కొడుకు అడిగితే, కాసేపు చీర కొంగు నలిపి అందట. "సునీత అన్నది నిజమే గద నాయినా. నాకు నమ్మకం తక్కువున్నదేమో అనుకున్న."

ఆ మాట సామ్యేలు నాకు చెప్పినప్పుడు నేను ఏడ్చాను. ముఖం సగమే ఏడ్చింది. రెండు రోజులు ఆమె కింది అంతస్తులో, నేను పై అంతస్తులో ఉన్నాం. ఆమెకు ఒక్కసారిగా కాకుండా మెల్లమెల్లగా దించాలన్నారు. సామ్యేలు మెట్లెక్కుతూ దిగుతూ, రెండు చోట్లా జావ తాగించాడు. మూడో రోజు నా పక్కన కూర్చుని బత్తాయి వలుస్తూ, మొదటిసారి నోరు తెరిచాడు.

"దిగుడుల బ్రేకు మీద కాలు పెట్టినం. బండి మెల్లగ పోతాంది. మెల్లగనే పోతాంది గద అని ఎవడన్న కాలు తీస్తడా? నువ్వు తీసినవ్. మా అమ్మ తోటి గూడ తీపిచ్చినవ్."

అని, తొన నా నోట్లో పెట్టాడు. కోపంగానే పెట్టాడు, గింజలు తీసి మరీ.

మార్చి

ఇంటికొచ్చాను. మాట ముద్దముద్దగా వచ్చేది. సునీత అనడానికి కూడా కూడబలుక్కోవాలి. అత్తమ్మ నా ఎదురుగా కూర్చుని, నేను ఒత్తులు పలికేదాకా కదిలేది కాదు. ఆమెకే సరిగ్గా పలకరాని మాటలు నాచేత పలికించేది. ఇద్దరం పడీ పడీ నవ్వేవాళ్ళం.

ఒకరోజు ఎలాగో కూడగట్టుకుని, "అత్తమ్మా, నేనన్న మాట తప్పు" అన్నాను.

"ఏ మాట?" అంది.

"ఆటోలో అన్నది."

"గది ఎప్పుడో ఇడిసిపెట్టిన. నువ్వు అన్నందుకు నాకు బాధ లేదు. గట్లనే అని నేను గూడ నమ్మిన సూడు, గదే బాధ" అంది. తర్వాత నా జడ విప్పి, నూనె పెట్టి, మళ్ళీ వేసింది.

పాస్టరయ్య చూడటానికొచ్చాడు. ఆయన వస్తున్నాడని తెలిసి నేను దుప్పటి కప్పుకుని నిద్రపోతున్నట్టు నటించాను. యాభై ఏళ్ళకు ఒక్కటి తక్కువ, చేసే పని అది. ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని, సంచిలోంచి చిన్న డబ్బా తీసి మంచం మీద పెట్టాడు.

"కండ్లు తెరువమ్మా. గివి నా షుగర్ మాత్రలు. తొమ్మిదేండ్ల సంది మింగుతున్న. ప్రార్థన జేస్త, మింగుత. మీకెవ్వరికీ జెప్పలే. పాస్టరుకు షుగరుందంటే ఏమనుకుంటరో అని" అన్నాడు.

నేను లేచి కూర్చున్నాను.

"ఆ దినం నువ్వు జెప్తాంటే డాక్టరు ఏమన్నడమ్మా అని నేను అడగాల్సింది. అడగలే. స్తోత్రం అన్నోళ్ళల్ల నేనే ముందున్న. నీ ఒక్కదాని తప్పు గాదు."

వెళ్తూ వెళ్తూ, మాట కుదిరిన రోజు వచ్చి సంఘంలో చెప్పమన్నాడు. నాకోసం కాదట. "ఇంకెవ్వరు నీ మాట ఇన్నరో మనకెర్కనా?" అన్నాడు. అది విన్నాక రెండు రాత్రులు నాకు నిద్ర లేదు. ఆ రోజు చర్చిలో వందమంది దాకా ఉన్నారు. ఒక్కొక్క ముఖం గుర్తు చేసుకుంటూ, ఈమెకు బీపీ ఉందా, ఆయనకుందా అని వెతికాను. మా అత్తమ్మకు నర్సు కనిపించింది. వీళ్ళకు ఎవరు కనిపిస్తారు?

ఏప్రిల్

మాట ఇంకా పూర్తిగా కుదరలేదు. కుదిరేదాకా ఆగితే అప్పటికి ఎవరు ఉంటారో, ఎవరు పోతారో అని వెళ్ళాను. ఈసారి సామ్యేలు సెలవు పెట్టి వచ్చాడు. ఒకవైపు అతను, ఒకవైపు అత్తమ్మ.

మైకు ఎడమచేత్తో పట్టుకున్నాను. డిసెంబర్లో పదిహేను నిమిషాలు మాట్లాడినదాన్ని, ఈసారి నాలుగు వాక్యాలకు అంతసేపు పట్టింది. నేను నెల అని చెప్పింది పది రోజులే అన్నాను. బీపీ పోలేదు, మాత్ర వల్ల అదుపులో ఉండేది అన్నాను. మానేసినందుకు నా చేయి, మూతి ఇలా అయ్యాయి, మా అత్తమ్మ కూడా నావల్ల ఆసుపత్రిపాలైంది అన్నాను. మీలో ఎవరైనా నా మాట విని మాత్ర మానేసి ఉంటే, దేవుడి మీద ఒట్టు, రేపే డాక్టరు దగ్గరికి పోండి అన్నాను.

ఎవరూ స్తోత్రం అనలేదు. జనం మొహాలు చూడలేక కూర్చోబోయాను.

ఆడవాళ్ళ వైపు మూడో వరుసలో రత్నమ్మ లేచింది.

"నేను బంద్ జేసిన టీచరమ్మా" అంది.

కూర్చోబోయినదాన్ని మళ్ళీ నిలబడ్డాను. సామ్యేలు నా భుజం పట్టుకున్నాడు.

"నువ్వు జెప్పిన మర్నాడే బంద్ జేసిన. సదువుకున్న బిడ్డ జెప్పింది, ఎందుకు తప్పయితది అనుకున్న. తల తిరుగుతాంటే ఎండకు అనుకున్న."

మగవాళ్ళ వైపు ఒకాయన కూర్చున్నచోటు నుంచే చెయ్యెత్తాడు. ఆయన పక్కన భార్య అతని వైపు తెల్లబోయి చూసింది. ఆమెకు తెలియదన్నమాట.

మర్నాడు సోమవారం. సామ్యేలు ఆటో మాట్లాడి, రత్నమ్మను, నన్ను శామీర్‌పేట దవాఖానాకు తీసుకెళ్ళాడు. చర్చిలో చెయ్యెత్తినాయన్ని భార్యే తిట్టుకుంటూ తీసుకొచ్చింది. మేం వరుసలో బెంచీ మీద కూర్చున్నాం. రత్నమ్మ పక్కన కూర్చుని ఆమె ముఖం చూసే ధైర్యం నాకు లేదు. పేరు పిలిచారు. ఆమె చేతికి పట్టీ చుట్టారు. నర్సు అంకెలు చదివింది. నూట తొంభై రెండు, నూట నాలుగు. డాక్టరమ్మ కళ్ళు, కాళ్ళు చూసింది, నడిపించి చూసింది, మాట్లాడించి చూసింది. ఇప్పటివరకు ఏమీ కాలేదు, ఇక మానొద్దు అని మాత్రలు ఇచ్చింది. ఆయనకూ అదే మాట చెప్పింది.

బయటకొచ్చాక ఆమె చేతులు రెండూ పట్టుకున్నాను. "నన్ను క్షమించు పెద్దమ్మా, నా మాట విని..." అన్నాను. మిగిలింది రాలేదు. ఈసారి తప్పు నాలుకది కాదు.

"ఏడవకు బిడ్డా" అంది రత్నమ్మ. మాత్రల పట్టీ చింపి ఒకటి అరచేతిలో వేసుకుని, నీళ్ళ సీసా నా వైపు చాచింది. "నీ మాట ఇనే బంద్ జేసిన. మల్ల నీ మాట ఇనే ఏసుకుంటున్న. మూత తీయి."

కుడిచేత్తో తీశాను. చాలాసేపు పట్టింది. ఆమె మాత్ర పట్టుకుని, ఎండలో అలాగే నిలబడి, నా కోసం ఆగింది.